ఓడర్ లోయలో పాదచారి అనే పెనుముప్పు

ఒక నదీలోయను కాపాడాలంటే ముందుగా దానికి ముప్పు ఎవరివల్ల వస్తున్నదో తేల్చుకోవాలి. జర్మనీకి ఈశాన్య మూలన, పోలండ్ సరిహద్దు పొడవునా సాగే దిగువ ఓడర్ లోయ విషయంలో ఈ సంగతి ఏనాడో తేలిపోయింది. తేలిన సంగతిని అక్కడి నడకదారుల మొదట్లో కర్రకు కొట్టిన పలకల మీద స్పష్టంగా రాసి పెట్టారు. దారి విడిచి నడవరాదు, కుక్కను పట్టీ లేకుండా వదలరాదు, నిప్పు రాజేయరాదు, గుడారం వేయరాదు. ఈ నాలుగు మాటలూ శ్రద్ధగా చదివిన ఏ నిష్పాక్షిక పరిశీలకుడికైనా బోధపడేది ఒక్కటే: ఈ లోయకున్న ఏకైక శత్రువు, ఆదివారం ఉదయం బెర్లిన్‌లో రైలెక్కి, వీపున సంచి తగిలించుకుని, సంచిలో ఉడకబెట్టిన గుడ్లూ బ్రెడ్డుముక్కలూ పెట్టుకుని, ఎవరి జోలికీ పోకుండా పది కిలోమీటర్లు నడిచి ఇంటికి వెళ్లిపోయే పాదచారి.

లోయ గురించి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. 1995లో బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం ఇక్కడ పదివేల హెక్టార్లకు పైబడిన భూమిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. నదీ వరద మైదానాన్ని కాపాడటం కోసమే ఏర్పడిన జాతీయ ఉద్యానవనం జర్మనీ మొత్తం మీద ఇదొక్కటే. కొండలెక్కి జెండా పాతే ఉత్సాహంతో వచ్చినవారికి ఇక్కడ తీవ్ర నిరాశ తప్పదు, ఎందుకంటే ఈ నేల సముద్రమట్టం కన్నా పైకి లేచిందా లేదా అన్నట్లుగా ఉంటుంది. బాల్టిక్ వైపు నుంచి ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే కింది నీరు ఎదురు తన్ని, నది ముందుకు పోవాలో వెనక్కి రావాలో తేల్చుకోలేక నిలబడిపోతుంది. నడకదారులు చాలావరకు కరకట్టల మీదుగానే సాగుతాయి. ఒకవైపు కాలువ, ఒకవైపు పచ్చిక, దూరంగా నది, మధ్యలో మేస్తున్న ఆవులు కనిపిస్తాయి. కొబ్బరిచెట్లు లేవన్న లోటు మినహాయిస్తే కోనసీమ నుంచి వచ్చినవాడికి సొంత ఊరి కరకట్ట మీద సాయంత్రం షికారుకు బయల్దేరినట్లే ఉంటుంది.

అయితే ఆ ఆవులను చూసి పాదచారి పొరపాటు పడకూడదు. ఆవు దారి విడిచి నడవవచ్చు. వేసవిలో అది పచ్చికలో ఎక్కడికైనా పోవచ్చు, నదిలో దిగవచ్చు, గట్టు తొక్కవచ్చు, పేడ వేయవచ్చు, ఎందుకంటే దాని యజమాని దగ్గర కౌలు పత్రం ఉంటుంది. పాదచారి దగ్గర రైలు టికెట్టు మాత్రమే ఉంటుంది. ఈ రెండు కాగితాల మధ్య ఉన్న తేడాను గ్రహించినవాడు జర్మన్ ప్రకృతి సంరక్షణ శాస్త్రంలో సగం పూర్తి చేసినట్లే.

మిగతా సగం కరకట్టలను చూసి నేర్చుకోవచ్చు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఇంజనీర్లు డచ్చివారి పద్ధతి చూసి వచ్చి, నది పక్కన ఒక పొట్టి కట్ట, దానికి దూరంగా పడమట ఒక ఎత్తు కట్ట, వాటి వెంట ఓడలు పోవడానికి ఒక కాలువ కట్టారు. రెండు కట్టల నడుమ ఉన్న లంక భూములను పోల్డర్లు అంటారు. ఏటా చలికాలం ముందు, సాధారణంగా నవంబరులో, పొట్టి కట్టలోని తూములు తెరుస్తారు. నది లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి తూములు మూస్తారు. ఇంకా వెళ్లకుండా మొండికేసిన నీటిని పంపులు పెట్టి తోడేస్తారు, లేకపోతే గడ్డి ఆలస్యమవుతుంది. అంటే ఇక్కడ వరద కూడా వేళకు వచ్చి, వేళకు వెళ్లి, వెళ్లేటప్పుడు తలుపు వేసుకుని పోవాలి. ప్రకృతిని దాని ఇష్టానికి వదిలేయడమే జాతీయ ఉద్యానవనానికి పరమార్థమని చట్టం చెబుతుంది, సగానికి కాస్త పైబడిన భూమిని మనిషి చేయి సోకని ప్రాంతంగా ఉంచాలని కూడా నిర్దేశిస్తుంది. ఆ స్వేచ్ఛకు తాళంచెవి మాత్రం తూముల మనిషి జేబులో ఉంటుంది. నేను దీన్ని తప్పు పట్టడం లేదు. దేశంలో అందరికీ ఉద్యోగవేళలు ఉన్నప్పుడు నదికి మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఈ విధంగా నదిని క్రమశిక్షణలో పెట్టిన మహానుభావుల జాబితా పెద్దదే. ఎగువన ఆనుకుని ఉన్న ఓడర్‌బ్రుఖ్ అనే విశాలమైన చిత్తడినేలను ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1747 నుంచి 1753 వరకు కాలువలు తవ్వించి ఆరబెట్టించి, పొలాలుగా మార్చి, వలస కుటుంబాలను తెచ్చి నాటించాడు. చేపలు, పక్షులు, దోమలు, ఆ చేపల మీద బతికిన బెస్తవారు అందరూ ఒక్కసారిగా కొత్త చిరునామా వెతుక్కోవలసి వచ్చింది. కాని ఆ రాజు ఎన్నడూ నడకదారి విడిచి పచ్చికలో అడుగు పెట్టినట్లు చరిత్రలో ఆధారం లేదు. అందుచేత అతడిని మనం ఆక్షేపించలేము.

ఉద్యానవనం సందర్శక కేంద్రం ఉన్న క్రీవెన్ ఊరిది మరొక కథ. పందొమ్మిదో శతాబ్దం తొలిభాగంలో అక్కడి అర్నిమ్ దొరలకు తమ భవనం చుట్టూ చక్కని ఉద్యానం కావాలనిపించింది. ప్రసిద్ధ ఉద్యానశిల్పి లెన్నే వచ్చి గీతలు గీశాడు. గీతలకు ఊరు అడ్డం వచ్చింది. ఊరిని పక్కకు జరిపారు. చర్చిని మాత్రం జరపలేక చెట్ల మధ్య అలాగే ఉంచేశారు. ఇప్పటికీ సందర్శకులు ఆ చర్చి చుట్టూ తిరుగుతూ, ఇంత అందమైన చోట ఇది ఒంటరిగా ఎందుకు నిలబడి ఉందా అని ఆశ్చర్యపోతుంటారు. ఒకరి నడకదారి కోసం ఒక ఊరినే నడిపించిన ఈ గడ్డ మీద, నేడు ఒక పాదచారి బూటు అంచు గడ్డిమీద పడితే జరిమానా పడే అవకాశం ఉంది. నాగరికత ముందుకు పోతోందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పలకలు చెప్పేది అబద్ధం కాదు. శరదృతువులో ఉత్తరదేశాల నుంచి వేలకొద్దీ సారస కొంగలు ఈ లోయలో దిగుతాయి. రాత్రిళ్లు లోతులేని నీటిలో, నక్క రాలేని చోట, నిలబడి నిద్రపోతాయి. ఒక మనిషి ఫోటో కోసం నాలుగడుగులు పక్కకు వేస్తే గుంపు గుంపంతా లేచిపోతుంది. దక్షిణానికి పోవడానికి దాచుకున్న కొవ్వులో కొంత ఆ లేవడంలోనే ఖర్చవుతుంది. వసంతంలో గడ్డిలో నేలమీదే గుడ్లు పెట్టే పక్షులకు బూటుకూ గేదె కాలుకూ తేడా తెలియదు. చలికాలంలో వచ్చే హూపర్ హంసల కోసం క్రీవెన్‌లో ఏటా ఉత్సవమే జరుపుతారు, ఆ హంసలకు కూడా తమ ఉత్సవానికి వచ్చినవారు దగ్గరికి రావడం ఇష్టం ఉండదు. కనుక పాదచారి నేరం రుజువైనట్లే. బెర్లిన్‌లో స్థిరపడిన మన తెలుగు పాదచారి నేరం ఇంకాస్త సూక్ష్మమైనది. అతడు దారి విడవడు. దారిమీదే బుద్ధిగా నిలబడి, పులిహోర డబ్బా పక్కన పెట్టి, వీడియో కాల్‌లో గుంటూరులోని అమ్మానాన్నలకు కొంగలను చూపిస్తాడు. గుంటూరు నుంచి, వినబడటం లేదు, కాస్త గట్టిగా చెప్పు నాయనా అని వస్తుంది. అతడు గట్టిగా చెబుతాడు. ఆ తరువాత చూపించడానికి కొంగలు ఉండవు.

ఈ పలకల మీద కనిపించే గుడ్లగూబ బొమ్మకు కూడా ఈ ప్రాంతంతో బంధుత్వం ఉంది. పసుపుపచ్చ పలక మీద నల్లటి గుడ్లగూబను సంరక్షిత ప్రాంతాలకు గుర్తుగా 1950లో రూపొందించిన కుర్ట్ క్రెట్ష్‌మాన్, లోయకు ఎగువనున్న బాడ్ ఫ్రయెన్‌వాల్డె పట్టణంలో జీవించినవాడే. తూర్పు జర్మనీ అనే దేశం మాయమైపోయినా ఆ గుడ్లగూబ మాయం కాలేదు. అది రేయింబవళ్లు కళ్లు విప్పార్చుకుని పాదచారి వైపే చూస్తుంటుంది. దాని వీపు వెనుక ఏం జరుగుతున్నదో చూసే ఏర్పాటు ఆ బొమ్మలో లేదు.

వీపు వెనుక ఏముందంటే, ముందుగా ష్వెట్ పట్టణంలోని చమురు శుద్ధి కర్మాగారం. 1960ల నుంచి సోవియట్ దేశపు చమురు ద్రూజ్బా గొట్టపు మార్గంలో వేల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరేది. కట్టమీద నిలబడి కొంగలకు దుర్భిణి గురిపెట్టినవాడు చేయి కాస్త కదిలిస్తే పొగగొట్టాలు కనిపిస్తాయి. ష్వెట్ తనను తాను జాతీయ ఉద్యానవన పట్టణమని అధికారికంగా పిలుచుకుంటుంది. ఇందులో వైరుధ్యం లేదు. ఆ కర్మాగారం తన ప్రాకారం దాటి నడకదారి పక్కన గడ్డి తొక్కిన దాఖలా లేదు.

కంచె సంగతి మాత్రం కొంచెం వేరు. 2020 సెప్టెంబరులో జర్మనీలో తొలిసారిగా ఒక అడవి పందిలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. పందులు పోలండ్ వైపు నుంచి పాస్‌పోర్టు లేకుండా నది ఈదుకుంటూ వస్తున్నాయని భావించి, బ్రాండెన్‌బుర్గ్ ప్రభుత్వం సరిహద్దు పొడవునా కంచె వేసింది. జాతీయ ఉద్యానవనానికి కూడా మినహాయింపు దొరకలేదు. నీళ్లు పెరిగినప్పుడు ఎత్తైన నేలకు పోవలసిన జింకలు కంచె దగ్గర చిక్కుకుంటున్నాయని జంతుప్రేమికులు మొరపెట్టుకున్నారు. కంచె వేసినవారు అందుకోసం దారి విడిచి చాలా దూరమే నడిచి ఉంటారు, కాని వారి చేతిలో ఉత్తర్వు ఉంది. నడకదారి కంచెను దాటే చోట తలుపు పెట్టి, దయచేసి మూసి వెళ్లండి అని రాశారు. గమనించండి, పంది కోసం కట్టిన కంచె మీద కూడా రాత పాదచారి కోసమే. కట్టలను తవ్వే బీవర్లు అనే నీటి జంతువులను ఏం చేయవచ్చో చెప్పడానికి 2015లో రాష్ట్రం ఒక ప్రత్యేక నిబంధన తెచ్చిందిగాని, దాన్ని కూడా బీవర్లు చదువుకునే వీలున్న చోట ఎక్కడా అతికించలేదు.

ఇక 2022 ఆగస్టు. ఆ వేసవిలో ఎండ మండింది, నదిలో నీరు అడుగంటింది, ఎగువ నుంచి చచ్చిన చేపలు వెల్లకిలా తేలుతూ రావడం మొదలైంది. రెండు దేశాలలో కలిపి దాదాపు 360 టన్నుల చేపలు చచ్చాయని అధికారిక అంచనా. ఆల్చిప్పలు, నత్తలు వేరే లెక్క. మొదట పాదరసం అన్నారు, ఆ తరువాత కాదన్నారు. చివరకు శాస్త్రవేత్తలు ప్రిమ్నీసియం పార్వమ్ అనే సూక్ష్మమైన నాచును పట్టుకున్నారు. అది విడిచే విషం చేపల మొప్పలను ఛిద్రం చేస్తుంది. ఇందులో విడ్డూరమేమిటంటే, అది మామూలుగా సముద్రానికి దగ్గరగా, ఉప్పు కలిసిన నీటిలో బతికే జీవి. సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన దానికేం పని? గనుల నుంచి, కర్మాగారాల నుంచి వచ్చిన ఉప్పునీరు ఓడర్‌లో అంతగా కలిసింది కనుక, పైగా నదిలో నీరు తక్కువై ఆ ఉప్పు పలచబడే దారి లేకపోయింది కనుక, అది తాను సముద్రతీరంలోనే ఉన్నానని నమ్మి అక్కడే సంసారం పెంచింది. పాపం, దానికీ ఎవరూ పలక పెట్టలేదు.

పోలండ్ ప్రభుత్వం దోషిని పట్టిచ్చినవారికి పది లక్షల జ్లోటీల బహుమతి ప్రకటించింది. దోషి అన్న మాట వినగానే చీకట్లో డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చి నదిలో కుమ్మరించి పారిపోయిన ఒక గడ్డంవాడి రూపం మనసులో మెదులుతుంది. అటువంటివాడు దొరికి ఉంటే ఎంత బాగుండేది! నదిలోకి ఉప్పునీరు వదలడానికి అనుమతులు, కొలతలు, పరిమితులు, ముద్రలు అన్నీ ఉన్నప్పుడు, అందరూ తమ తమ పరిమితిలోనే ఉండి, అందరి పరిమితులూ కలిసి ఒకే నదిలో పడినప్పుడు, బహుమతి ఎవరికివ్వాలి? ఉప్పు ఎక్కడా దారి తప్పలేదు. అది గొట్టం నుంచి కాలువకు, కాలువ నుంచి నదికి, నది నుంచి ఉద్యానవనానికి, గుర్తు పెట్టిన మార్గంలోనే నడిచింది. ఆ రోజులలో అధికారులు ఒక హెచ్చరిక జారీ చేశారు. నదిలోకి దిగవద్దు, నీటిని తాకవద్దు, కుక్కలను నీటి దగ్గరకు పోనివ్వవద్దు. ఎవరికి? మీరు ఊహించినవారికే. పాదచారి ఆ మాట కూడా విని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దారి విడవకుండా నడిచాడు. మరికొందరు పాదచారులు చేతులకు తొడుగులు వేసుకుని ఒడ్డున కుళ్లిన చేపలు ఏరి బస్తాలకెత్తారు. అందుకోసం వారు దారి విడిచి ఉంటారని నా అనుమానం, కాని పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని చూసీ చూడనట్లు వదిలేద్దాం.

అదే సంవత్సరం పోలండ్ వైపు నదిని లోతు చేసే పనులు జోరుగా సాగాయి. 2015లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం, చలికాలంలో గడ్డకట్టిన నదిని పగలగొట్టే ఓడలకు 1.80 మీటర్ల లోతు కావాలి. అందుకు ఒడ్డు నుంచి నదిలోకి గ్రోయిన్లు అనే రాతి అడ్డుకట్టలు కట్టాలి. చలికాలాలు ఏటికేడు మెత్తబడుతున్న రోజులలో మంచు పగలగొట్టే ఓడల కోసం ఇంత ముందుచూపు చూపడం మెచ్చుకోదగినదే. రేవులున్న చోట సరుకు ఓడలు కూడా ఆ లోతు చూసి సంతోషిస్తే అది యాదృచ్ఛికం. 2025లో పోలండ్ పార్లమెంటు తమ వైపు లోయను కూడా జాతీయ ఉద్యానవనం చేయాలని బిల్లు ఆమోదించింది. 2001 తరువాత ఆ దేశంలో కొత్త జాతీయ ఉద్యానవనం అదే అయ్యేది. దేశాధ్యక్షుడు దాన్ని తిప్పి పంపారు. దీనివల్ల ఒక విచిత్రమైన న్యాయం ఏర్పడింది: నదికి ఈ గట్టున నిద్రపోతున్న కొంగ జాతీయ ప్రాముఖ్యం గలది, లేచి ఆ గట్టుకు ఎగిరితే దాని హోదా తగ్గిపోతుంది.

మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని మన పెద్దలు నిందగా అన్నారు. ఓడర్ ఒడ్డున దాన్నొక పరిపాలనా సూత్రంగా తీర్చిదిద్దారు, అందులో తర్కం కూడా ఉంది. నిబంధన అన్నది పాటించేవాడి కోసం పుడుతుంది. ఉప్పు చదవలేదు, గ్రోయిన్ చదవలేదు, పందికి తీరిక లేదు, గనికి న్యాయవాది ఉన్నాడు. చదవగలిగి, చదివి, చదివిన తరువాత సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకునే ప్రాణి ఈ లోయ మొత్తంలో పాదచారి ఒక్కడే. అతడిమీద పెట్టిన ప్రతి పలకా సఫలమవుతుంది. ఏటి చివర నివేదికలో పలకలు పెట్టాము, ఫలితం వచ్చింది అని రాసుకోవడానికి వీలవుతుంది. గనుల గొట్టాల దగ్గర పలక పెడితే నివేదికలో రాయడానికి ఏం మిగులుతుంది?

కనుక ఉద్యానవనం వారికి వినయంగా నేను చేసుకునే మనవి ఏమిటంటే, ఉన్న చర్యలు చాలవు. పాదచారి బూటు అడుగున ఎంత మట్టి అంటుకుని లోయ దాటి పోతున్నదో రైల్వే స్టేషన్‌లో తూకం వేయాలి. వాడు దారిలో వదిలే చెమటలో ఉప్పు ఎంత ఉన్నదో, అది వాననీటితో కలిసి ఓడర్‌లోకి చేరే అవకాశం ఎంత ఉన్నదో ఒక సంఘం వేసి తేల్చాలి. వేసవిలో వేలమంది నడుస్తారు కాబట్టి, ఇంతకాలం గనుల మీద మోపిన అభాండంలో కొంత ఇటు మళ్లించే వీలు దొరకవచ్చు. రెండు దేశాల మంత్రులకూ ఇందులో అభిప్రాయభేదం ఉంటుందని నేను అనుకోను.

ఆ పది లక్షల జ్లోటీల బహుమతికి అర్హుడు ఇంకా తేలకపోతే, దానికీ నా దగ్గర ఒక మార్గం ఉంది. బెర్లిన్ పాదచారులలో ఎవరో ఒకరు ముందుకు వచ్చి, ఫలానా ఆదివారం కొంగను ఫోటో తీయబోయి దారి విడిచి మూడడుగులు పక్కకు వేశానని తనంత తానే ఒప్పుకుని, తనను తానే పట్టివ్వాలి. అటువంటివాడు తప్పక దొరుకుతాడు, ఆ జాతి స్వభావమే అంత. బహుమతిలోంచి జరిమానా మినహాయించుకుని మిగిలినది చేతిలో పెడితే సరిపోతుంది; వాడు వద్దన్నా అంటాడు, ఇంకా ఒత్తిడి చేస్తే స్టేషన్‌కు పోయే బస్సు ఎన్ని గంటలకని అడిగి, టికెట్టుకు సరిపడా తీసుకుని, రసీదు ఇచ్చి వెళ్తాడు.